రాణి వెళ్లిపోయిన చప్పుడు

మా ఊళ్లో ఒక చిన్న కమ్యూనిటీ రేడియో ఉంది. ఊరు దాటి చుట్టుపక్కల నాలుగైదు పల్లెల దాకా వినిపిస్తుంది, అంతే. పొద్దున పంటల కబుర్లు, మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమం, సాయంత్రం పాటలు. హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పుకునే నేను అప్పుడప్పుడూ అక్కడి పిల్లల కార్యక్రమానికి ఏదో ఒకటి రాసిస్తుంటాను. ఒకరోజు ఇన్‌చార్జి సార్ పిలిచి, "మేడమ్, ఆదివారం అరగంట ఖాళీ ఉంది, నాటకం ఏమన్నా రాస్తారా?" అన్నారు. ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగినదాన్ని, వద్దంటానా? ఏ నాటకం అని అడిగితే, ముందూ వెనకా చూసుకోకుండా "అంటిగొనీ" అనేశాను.

ఆయన కాసేపు నా మొహం చూశారు. "గ్రీకు కథా? మనవాళ్లకి ఎక్కుతుందంటారా?"

ఎక్కుతుందనే అనుకున్నాను. శవానికి సంస్కారం జరగకపోతే ఎంత తల్లడిల్లుతామో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. థీబ్స్ అనే నగరం. ఈడిపస్ రాజు కొడుకులిద్దరూ గద్దె కోసం కొట్టుకుని, ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. మేనమామ క్రెయాన్ రాజయ్యాడు. నగరం తరఫున పోరాడిన ఎటియోక్లిస్‌కి లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాడు. పరాయి సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చిన పాలినైసీస్ శవాన్ని మాత్రం కుక్కలకీ గద్దలకీ వదిలెయ్యమన్నాడు. ఎవరైనా మట్టి వేస్తే రాళ్లతో కొట్టి చంపుతామని చాటింపు వేయించాడు. తోబుట్టువు అంటిగొనీ వెళ్లి మట్టి చల్లింది. పట్టుబడింది. ఆ పిల్లని పెళ్లాడవలసినవాడు క్రెయాన్ కొడుకు హేమన్. ఇక ఎవరెవరు చచ్చిపోతారో ఊహించుకోవచ్చు. సొఫోక్లిస్ దీన్ని క్రీ.పూ. 441 ప్రాంతంలో రాశాడంటారు. ఆయన నూటికి పైగా నాటకాలు రాస్తే మనకి మిగిలినవి ఏడు, అందులో ఇదొకటి.

"అయితే మన ఊళ్లో జరిగినట్టు రాయండి. పల్నాడులో పెట్టండి" అన్నారు సార్. నాకూ బాగానే తోచింది. క్రెయాన్ ఊరి ప్రెసిడెంటు. అన్నదమ్ములు రెండు వర్గాలు. మూడు వారాలు కూర్చుని రాశాను. రాసింది మా ఆయనకి చదివి వినిపిస్తే, ఆయన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "శవాన్ని ముట్టుకోవద్దని ప్రెసిడెంటు అంటే ఎస్సై ఊరుకుంటాడా?"

నిజమే. పంచనామా అవ్వాలి, పోస్టుమార్టం అవ్వాలి, శవాన్ని బంధువులకి అప్పగించాలి. ప్రెసిడెంటు కాదు కదా ఎమ్మెల్యే అడ్డుపడ్డా, ఏ చానెల్‌ వాళ్లో వచ్చి కెమెరా పెడతారు. నా అంటిగొనీ చెయ్యాల్సిందల్లా ఒక ఫోను. థీబ్స్‌లో క్రెయాన్ పైన ఇంకెవరూ లేరు, దేవుళ్లు తప్ప. ఆ పిల్ల తన వాదనలో పిలిచేది కూడా వాళ్లనే. ఎప్పుడు పుట్టాయో ఎవరికీ తెలియని ఆ దేవుళ్ల రాతలేని ధర్మాలు నీ చాటింపు కంటే పెద్దవి అంటుంది. పైన హైకోర్టు ఉన్నచోట ఆ మాట తేలిపోతుంది. మూడు వారాల రాతా చింపేశాను. మళ్లీ థీబ్స్‌కే పోయాం.

మూలం దగ్గరికి వెళ్దామంటే నాకు గ్రీకు రాదు. 19వ శతాబ్దంలో రిచర్డ్ జెబ్ అనే పండితుడు ఒకవైపు గ్రీకు, ఎదురుగా ఇంగ్లిష్ వచనం, కింద బండెడు వివరణలతో వేసిన పుస్తకం నెట్‌లో దొరికింది. ఇంకో రెండు అనువాదాలు పక్కన పెట్టుకుని రాత్రిళ్లు కూర్చునేదాన్ని. అందులో రెండుచోట్ల తెలుగు నాకు భలే సాయం చేసింది.

మొదటిది నాటకం మొదటి మాటే. అంటిగొనీ చెల్లెలు ఇస్మీనీని పిలుస్తుంది. ఆ పిలుపులో ఒకే కడుపున పుట్టినదానా అనే అర్థం ఉంది. దాన్ని మొయ్యడానికి ఇంగ్లిష్‌వాళ్లు మూడు నాలుగు మాటలు పేర్చి ఆపసోపాలు పడ్డారు. మనకి సిద్ధంగా ఉంది కదా, "తోడబుట్టినదానా!" అని. రెండోది మనిషి గురించి ముసలివాళ్ల బృందం పాడే పాట. లోకంలో 'దైనా' అయినవి చాలా ఉన్నాయి, మనిషిని మించినది లేదు అంటారు. ఆ గ్రీకు మాటకి అద్భుతం అనీ అర్థమే, భయంకరం అనీ అర్థమే. సముద్రం దాటతాడు, నేల దున్నుతాడు, పక్షుల్ని వలేసి పడతాడు, చావుకి మాత్రం మందు కనిపెట్టలేడు. 'అద్భుతం' అని రాస్తే పొగడ్త అయిపోతోంది, 'భయంకరం' అంటే తిట్టయిపోతోంది. వారం రోజులు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. చివరికి అది స్టాఫ్‌రూమ్‌లో దొరికింది. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు గోడ దూకి, మామిడికాయలు కోసి, వాటిని వాచ్‌మన్‌కే అమ్మాడు. మా లెక్కల మాస్టారు "వీడు అసాధ్యుడండీ బాబూ" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో ఆయనకే తెలియదు. ఆ రాత్రే రాసేశాను: "అసాధ్యమైనవి ఎన్నో ఉన్నాయి, మనిషంత అసాధ్యుడు మాత్రం లేడు."

పేర్లు మాత్రం చంపేశాయి. పాలినైసీస్ అన్న పేరు మొదటి రిహార్సల్లో నాలుగు రకాలుగా పలికింది. అందులో ఒకటి సీసా. కాబట్టి వీలైనచోటల్లా పేరు తీసేసి అన్న, మామ, నాన్న అని వరసలు పెట్టాను. మేనమామే మేనకోడల్ని చంపిస్తున్నాడన్నది మన చెవికి వరసతోనే గుచ్చుకుంటుంది, పేరుతో కాదు. ఈడిపస్ తన తల్లినే పెళ్లాడిన సంగతి అరగంటలో విప్పలేను. "ఆ ఇంటి శాపం" అని ఒక్క ముక్కతో దాటేశాను.

1350 పాదాల పైచిలుకు నాటకాన్ని ఇరవై ఎనిమిది నిమిషాలకి కుదించాలి. మిగతా రెండు నిమిషాలు ప్రకటనలకి పోతాయి. ఏం తీసెయ్యాలో గీతలు పెడుతూ పోతుంటే నాకొకటి అర్థమైంది. కంటికి చూపించాల్సింది దీంట్లో దాదాపు లేదు. ఆ కాలంలో నటులు తల మొత్తం కప్పే ముసుగులు పెట్టుకునేవాళ్లు. వేలమంది కొండవాలు మీద కూర్చుని చూసేవాళ్లు. మొహం కనపడదు, ఉన్నదంతా గొంతులోనే. ముగ్గురే నటులు, అందరూ మగవాళ్లే, ముసుగు మార్చుకుంటే పాత్ర మారేది. చావులన్నీ లోపలే జరుగుతాయి, ఒకడు వచ్చి చెప్తాడు. అంటిగొనీ మట్టి చల్లడం మనం చూడం, కావలివాడు వచ్చి చెప్తాడు. గుహలో జరిగింది వార్తాహరుడు చెప్తాడు. అన్నిటికన్నా నన్ను పట్టేసింది టైరీషియస్ ఘట్టం. ఆయన గుడ్డి జోస్యుడు. శకునాలు చూసే చోట కూర్చుంటే పక్షుల గొంతులు ఎన్నడూ విననట్టు వినిపించాయంటాడు. రెక్కల చప్పుడుని బట్టి అవి ఒకదాన్నొకటి గోళ్లతో చీల్చుకుంటున్నాయని తెలిసిందంటాడు. చెవితోనే ఊరికి పట్టిన కీడు కనిపెట్టాడు. ఆ ఘట్టంలో ఒక్క పాదం కూడా తీసెయ్యలేదు.

రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో ఒకదాన్ని 1924లో బీబీసీ ప్రసారం చేసింది. రిచర్డ్ హ్యూస్ రాశాడు. బొగ్గుగనిలో దీపాలు ఆరిపోయి మనుషులు చీకట్లో చిక్కుకోవడంతో మొదలవుతుంది. వినేవాడూ చీకట్లోనే ఉంటాడు కాబట్టి ఆ గని ఎంచుకున్నాడట. సొఫోక్లిస్ నాటకంలో గుహ ముందే ఉంది.

ఇక మనుషులు. మా ప్రాంతంలో పరిషత్తు నాటకాలు ఆడినవాళ్లకి కొదవ లేదు. క్రెయాన్ వేషానికి రిటైరైన కండక్టర్ ఒకాయన్ని పట్టుకున్నాం. అందరూ బాబాయ్ గారంటారు. నలభై ఏళ్లు దుర్యోధనుడు వేసిన గొంతు. మైకు ముందు నిలబడి మొదటి డైలాగు చెప్పగానే రికార్డింగ్ చేసే కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి విసిరేశాడు. కంప్యూటర్ తెర మీద గీతలన్నీ ఎర్రగా అయిపోయాయి. పైగా ఆయనకి ఒక బాధ. "రాజు పాత్రమ్మా. ఒక్క పద్యమన్నా లేకపోతే ఎట్లా?"

ఆయన్ని చిన్నబుచ్చకుండా గొంతు తగ్గించడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. వెనక వరసలో కూర్చున్నవాడికి కాదు బాబాయ్ గారూ, వినేవాడు మీకు జానెడు దూరంలో ఉన్నాడు అని చెప్పాను. పని చెయ్యలేదు. చివరికి అన్నం తింటూ కొడుకుని తిట్టినట్టు చెప్పమన్నాను, ఎదురుగా నిజంగానే కంచం పెట్టించి. అప్పుడు వచ్చింది. హేమన్ అంటాడు కదా, ఒక్క మనిషి సొత్తయితే అది ఊరే కాదు అని, జనం లేని ఊరైతే నువ్వు భేషుగ్గా ఏలగలవు నాన్నా అని. దానికి జవాబుగా బాబాయ్ గారు గొంతు లేపలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. ఆ నీళ్ల చప్పుడు అలాగే ఉంచేశాం. స్క్రిప్టులో లేనిది.

కావలివాడి పాత్ర దగ్గర సార్‌తో కొంచెం వాదన జరిగింది. వాడు కబురు మోసుకొస్తూ, వెళ్తే చస్తానేమో వెళ్లకపోతే చస్తానేమో అని దారి పొడుగునా ఆగాగి వచ్చిన పిరికివాడు, నవ్వొస్తుంది. "వాడికి శ్రీకాకుళం యాస పెట్టండి, పేలుతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నవ్వించాల్సిన బంటు అనగానే ఎవరో ఒకరి ఊరి భాష వాడి నెత్తిన పెట్టడం మన సినిమాలు నేర్పిన పాడలవాటు. వాడూ మిగతావాళ్లలాగే మాట్లాడాడు. అయినా నవ్వొచ్చింది, వాడి భయం అలాంటిది మరి.

పదిహేనుమంది ముసలివాళ్ల బృందం మూలంలో పాడేది, ఆడేది. మైకులో పదిహేనుమంది ఒక్కసారి మాట్లాడితే సంతలా ఉంటుంది. ముగ్గుర్ని చేశాను, అరుగు మీద కూర్చున్న పెద్దమనుషుల్లా. ముగ్గురూ అనగానే సార్ బుర్రకథ అన్నారు. అది వద్దుగానీ వంత పాడే లక్షణం తీసుకున్నాను. ఒకరు అన్న మాట చివరి ముక్కని ఇంకొకరు అందుకుంటారు. గ్రీకులు ఈ పాటలకి ఔలోస్ అని రెండు గొట్టాల వాద్యం ఊదేవాళ్లు. మన సన్నాయిలాగే పీక ఉన్న వాద్యం. కాబట్టి సన్నాయి పెట్టాం, ఒక్కచోట మాత్రం. అంటిగొనీని బతికుండగానే గుహలో పెట్టి మూసెయ్యడానికి తీసుకెళ్తున్నప్పుడు ఆ పిల్ల ఆ సమాధినే నా పెళ్లిగది అంటుంది. అక్కడ సన్నాయి మీద ఒక్క స్వరం, నిలబెట్టి. పెళ్లిళ్లలో వాయించే ఆయనే వచ్చారు. "రాగం ఏంటమ్మా?" అంటే ఏమీ లేదన్నాను. ఎందుకో చెప్పాక ఆయన ఇంకేం అడగలేదు.

చప్పుళ్ల పనిలో నాకు తెలియనిదంతా ఆ రికార్డింగ్ కుర్రాడు నేర్పాడు. మట్టి చల్లితే మట్టిలా వినిపించదు. మైకులో అది బరబరా గీకినట్టుంది. బొంబాయి రవ్వని చేటలోంచి న్యూస్‌పేపరు మీదికి జారవిడిస్తే అచ్చం పొడిమట్టి. అంటిగొనీ కంచు పాత్రతో మూడుసార్లు ధార పోసిందని కావలివాడు చెప్తాడు. దానికి మా అమ్మ కంచు మరచెంబు తెచ్చాను. స్టీలు చెంబుతో పోసి చూస్తే బాత్‌రూమ్ గుర్తొచ్చింది. గుహలోంచి హేమన్ అరుపు దూరంగా వినపడాలి. డాబా మీద ఖాళీ నీళ్ల ట్యాంకులో తల దూర్చి అరిపించాం. పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. రికార్డింగంతా రాత్రి పది తర్వాతే. అప్పటికి ఆటోలు తగ్గుతాయి, గుడి మైకు ఆగుతుంది. ఫ్యాన్ వేస్తే హోరు, ఏసీ లేదు. మే నెల. ముసలి నటులు ముగ్గురూ బనియన్లతో థీబ్స్ గురించి విచారించారు.

ఇప్పుడు అసలు సంగతి.

క్రెయాన్‌కి ఒక భార్య ఉంది, యూరిడిసీ. నాటకం చివర్లో వస్తుంది. దేవతకి మొక్కుకోవడానికి బయల్దేరి తలుపు గడియ తీస్తుండగా, ఇంటికి ఏదో ముంచుకొచ్చిందన్న మాట చెవిన పడి దాసీల చేతుల్లోకి ఒరిగిపోతుంది. తేరుకుని బయటికొచ్చి, "మళ్లీ చెప్పండి, కష్టాలు నాకు కొత్త కాదు" అంటుంది. వార్తాహరుడు చెప్తాడు. గుహలో అంటిగొనీ ఉరేసుకుంది, హేమన్ ఆమెని కౌగిలించుకుని ఉన్నాడు, తండ్రి మీద కత్తి దూశాడు, తప్పింది, ఆ కత్తినే తన పక్కలో దింపుకున్నాడు. అంతా విన్న తల్లి ఒక్క మాట కూడా అనదు. లోపలికి వెళ్లిపోతుంది. మొత్తం నాటకంలో ఆమె మాటలు తొమ్మిది పాదాలు.

రంగస్థలం మీద అది పిడుగే. జనం ఆమె వెళ్లిపోవడం చూస్తారు. రేడియోలో మాట్లాడని మనిషి లేనట్టే కదా.

పైగా ఆ పాత్రకి ఒప్పుకున్నావిడ మా ప్రాంతంలో పేరున్న నటి, అరవై దాటినావిడ. అందరికీ అక్కగారు. "ఆవిడ వస్తుంటే తొమ్మిది లైన్లేంటి మేడమ్, కొడుకు పోయిన తల్లి, నాలుగు మాటలు ఏడవనివ్వండి" అన్నారు సార్. నేనూ మెత్తబడ్డాను. రెండు పేజీల ఏడుపు రాశాను. ఉగ్గుపాలు, ఊయల, అన్నీ. అక్కగారు రిహార్సల్లో చదివితే సన్నాయి ఆయన కళ్లు తుడుచుకున్నారు. అందరూ బ్రహ్మాండమన్నారు. నాకు మాత్రం ఎక్కడో వెలితిగా అనిపించింది. అంత ఏడ్చాక ఆవిడ చచ్చిపోయిందని చెప్తే ఎవరికీ కొత్తగా ఉండదు. ఏడుపుతో అంతా తీరిపోయింది.

రెండు పేజీలూ తీసేసి ఇంట్లో గట్టిగా చదువుకుంటున్నాను, మూలంలో ఉన్నట్టు. వార్తాహరుడి మాటలు అయిపోయాయి. కాసేపు ఆగి తరవాతి ఘట్టం మొదలుపెట్టాను. వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఆ తల్లేదే? ఉందా, వెళ్లిపోయిందా? ఏమీ అనలేదేం?"

పుస్తకం తిరగేశాను. సరిగ్గా అక్కడే ముసలివాళ్లు అనే మాట, నేను కుదింపులో కొట్టేసిన మాట, అదే. "దీన్నేమనుకోవాలి? మంచో చెడో ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయింది." ఇంకా అంటారు, ఊరికే అరవడం ఎంత బరువైనదో, అతిగా మాట్లాడకపోవడమూ అంత బరువుగా తోస్తోంది అని. చూసినవాళ్లకే ఆ మాట చెప్పించాడు సొఫోక్లిస్. అక్కగారి రాకకి గడియ కూడా రాసిపెట్టాడు. నేనే చదవకుండా గీత కొట్టేశాను.

కాబట్టి గడియ. రాణి రాకముందు గడియ తీసిన చప్పుడు, ఆగిపోయిన చప్పుడు. మాటలు. వార్తాహరుడి కథ. నిశ్శబ్దం. అడుగులు. గడియ పడిన చప్పుడు. అప్పుడు ముసలివాళ్లు.

అక్కగారికి ఈ సంగతి చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. విన్నారు. "రెండు పేజీలు కంఠస్థం చేశానమ్మాయ్" అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. కాసేపటికి ఆవిడే, "మాట్లాడేది లేకపోతే నేను స్టూడియోకొచ్చి ఏం చెయ్యాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఫోన్ చేశారు. "ఆ గడియ ఎవరు వేస్తున్నారు?" చప్పుళ్లు పెట్టే ఎఫెక్ట్స్ కుర్రాడని చెప్పాను. "వాడికేం తెలుసు? నేను వేస్తాను."

పాత కలప అడితిలో కూలగొట్టిన ఇంటి తలుపొకటి అద్దెకి తెచ్చాం, ఇనప గడియతో సహా. ఎఫెక్ట్స్ కుర్రాడు అడుగులకి గజ్జెలు కడదామన్నాడు, రాణి కదా అని. వద్దన్నాం, వట్టి కాళ్లు, చీర కుచ్చిళ్లు నేలకి రాసుకునే చప్పుడు చాలు. అక్కగారు ఆ గడియని పదకొండు సార్లు వేశారు. ఒకసారి కోపంగా పడింది. ఒకసారి వణికింది. ఒకసారి మరీ నాటకంలా ఉంది, ఆవిడే "ఛ" అన్నారు. పదకొండోసారి నెమ్మదిగా, రోజూ రాత్రి పడుకునే ముందు వేసినట్టు వేశారు. ఇనుము చెక్కలోకి దిగిన చిన్న చప్పుడు. రికార్డింగ్ కుర్రాడు బొటనవేలు చూపించాడు, మాట్లాడలేదు.

ఆ ముందు నిశ్శబ్దం పన్నెండు సెకన్లు. సార్‌కి ఇష్టం లేదు, రేడియో మూగబోతే జనం స్టేషన్ మార్చేస్తారన్నారు. ఐదు చేద్దామన్నారు. నేను పన్నెండు దగ్గర పంతం పట్టాను. మీరే చూసుకోండి అని వదిలేశారు. నెగ్గానని సంబరపడ్డాను.

ఆదివారం సాయంత్రం ఇంట్లో రేడియో పెట్టుకుని అందరం కూర్చున్నాం. అక్కగారూ వచ్చారు, బాబాయ్ గారూ వచ్చారు. అంతా బాగా నడుస్తోంది. హేమన్ కత్తి దింపుకున్నాడు. వార్తాహరుడి గొంతు ఆగింది. నిశ్శబ్దం. ఒకటి, రెండు అని లోపల లెక్కపెడుతున్నాను. పదో సెకనుకి హుషారుగా డప్పు మోగింది. "ఇంటి చుట్టూ నీళ్లు నిలవ ఉంచకండీ, దోమలను తరిమికొట్టండీ!"

పాట సాంతం వచ్చింది. తర్వాత మళ్లీ నాటకం అందుకుంది. అప్పటికి క్రెయాన్ కొడుకు శవంతో ఏడుస్తున్నాడు. గడియ, ముసలివాళ్ల మాట, రాణి పోయిందన్న కబురు, అన్నీ దోమల కిందే పోయాయి.

స్టేషన్ కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు ఉంటుందట. పది సెకన్లు శబ్దం లేకపోతే ఏదో చెడిపోయిందనుకుని, దానంతటదే సిద్ధంగా ఉన్న పాట ఎత్తుకుంటుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సార్ ఫోన్లో "అందుకే కదండీ ఐదు చాలన్నాను" అన్నారు. బాబాయ్ గారు పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అక్కగారు మాత్రం నింపాదిగా, "పరిషత్తులో ఒకసారి చచ్చిపోయాక తెర పడలేదమ్మాయ్, తాడు తెగిపోయింది. పది నిమిషాలు శవంలా పడుకున్నాను. ఇదెంత" అన్నారు.

మర్నాడు స్టేషన్‌కి ఆరు ఫోన్లొచ్చాయి. మా స్టేషన్‌కి ఆరంటే ఎక్కువే. రెండు దోమల మందు ఎక్కడిస్తారని. మిగతావాటిలో మూడు ఒకే ప్రశ్న: ఆ రాజు పెళ్లాం ఏమైందండీ?

ఆ మూడు ఫోన్ల పుణ్యాన తర్వాతి ఆదివారం మళ్లీ వేశారు. నిశ్శబ్దం పన్నెండు సెకన్లూ ఉంది కానీ ఈసారి ఉత్తిది కాదు. రాత్రి మా పెరట్లో రికార్డు చేసిన కీచురాళ్ల రొద సన్నగా వేశాం, కంప్యూటర్‌కి అనుమానం రానంత. నిజానికి అలాగే బాగుంది. అంతసేపూ వినపడని కీచురాళ్లు ఆ మాట ఆగాకే వినపడతాయి.

రెండోసారి ఎవర్నీ పిలవలేదు. నేనూ అమ్మే. అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వార్తాహరుడు ఆగాడు. కీచురాళ్లు. వట్టి అడుగులు, కుచ్చిళ్లు నేలకి రాసుకుంటూ. గడియ పడింది.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. రేడియో వైపు తిరిగింది.

"లోపలినుంచి వేసుకుందే" అంది. "ఎవరన్నా వెళ్లి తలుపు కొట్టరేం?"